ఆక్సిజన్ సెన్సర్‌కు పెట్టిన బొట్టు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట గొప్పగా చెప్పుకునే మగాళ్ళు ముంబైలో మా కామాటిపురలో గల్లీకి పదిమంది దొరుకుతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకు తిరిగాను. "మావోనికి కోపమొస్తే మనిషే కాడు" అని మా నాయన నలుగురిలో అంటుంటే బిరుదేదో ఇచ్చినట్టు పొంగిపోయేవాణ్ణి. ఆయనది సెంట్రింగ్ పని. చేతిలో ఏది ఉంటే దానితో కొట్టేవాడు. చెక్క, చెప్పు, తాపీ, ఒకసారి ఇనుప టేపు. నా ఎడమ కనుబొమలో వెంట్రుక మొలవని గీత ఒకటి ఉంది, అది ఆ టేపుదే. మా అమ్మ ఒంటిమీద అలాంటివి ఎన్ని ఉండేవో నేనెప్పుడూ చూడలేదు, చూడాలని అనిపించలేదు కూడా.

పెళ్ళయ్యాక నేనూ కొట్టాను. అన్నం మెత్తగా అయిందని కొట్టాను, పిలిస్తే వెంటనే పలకలేదని కొట్టాను, నేను బండ్లు బాగుచేసే షెడ్డులో ఎవరిమీదో వచ్చిన కోపాన్ని మూడంతస్తులు మోసుకొచ్చి మరీ కొట్టాను. ఒకరోజు మా అమ్మాయి మధ్యలోకి వచ్చి నిలబడింది. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఎత్తిన చెయ్యి ఆగలేదు, పిల్లకు తగిలింది. ముక్కులోంచి రక్తం బొటబొటా కారి గౌను ముందుభాగమంతా తడిసింది. నా భార్య ఏడవలేదు. పిల్ల మొహం కడిగి, అటక మీంచి పెట్టె దించి, బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఇంకొక్కసారి చెయ్యెత్తినవంటే పిల్లను తీస్కొని పాలమూరుకు, మా అన్న ఇంటికి పోత. మల్ల జన్మల నీ మొహం జూడ," అంది.

పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆ తర్వాత మూడేళ్ళు ఇంట్లో చెయ్యెత్తలేదు. ఒక్కసారి కూడా! దీన్ని నేను ఎంత ఘనకార్యం అనుకున్నానో చెబితే నవ్వుతారు. మా నాయన నాలోంచి లేచి వెళ్ళిపోయాడనీ, నా ఇల్లు నిలబడిందనీ గట్టిగా నమ్మాను. ఆమె వెళ్ళిపోతుందన్న భయం ఒక్కటే నన్ను పట్టి ఆపుతోందన్న సంగతి నాకు తెలుసు. ఆ భయం చాలు అనుకున్నాను. అలా ఉండగా ఆ టాక్సీ వచ్చింది.

టాక్సీ మేముండే చాల్‌లోనే, అంటే వరస గదుల ముందు ఉమ్మడి గ్యాలరీ ఉన్న పాత మేడలోనే, రెండో అంతస్తులో ఉండే ముసలాయనది. మా నాయనతో పాటే పాలమూరు నుంచి వచ్చి, మట్టిపని మానేసి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. దసరాకు ఇంకా వారం ఉంది. చాల్ కిందనే, ఫోరస్ రోడ్ మలుపు దగ్గరున్న మా షెడ్డు ముందు బండి ఆపి, "తమ్మీ, ఇంజన్ బత్తి ఎలుగుతున్నది. గ్యాస్ నీళ్ళ లెక్క తాగుతున్నది. దసరా అయినంక పాసింగ్ ఉన్నది, గా లోపట్నే జేసియ్యాలె," అన్నాడు. పాసింగ్ అంటే బండి ఇంకా రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఆఫీసువాళ్ళు చూసి రాసిచ్చే పరీక్ష. దానికి ముందు పొగ పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే ఆయన బండి తాళం గూటికి తగిలించుకోవాల్సిందే.

స్కానర్ పెట్టి చూస్తే ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చూపించింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది బండికి ముక్కు. సైలెన్సర్ గొట్టానికి మరలతో బిగించి ఉంటుంది. దాని కొస లోపల పొగలో ఉంటుంది, తోకలా నాలుగు వైర్లు బయటికి వస్తాయి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది పసిగట్టి చెబితే, దాన్నిబట్టి ఇంజన్ ఎంత గ్యాస్ తాగాలో తేల్చుకుంటుంది. ముక్కు పోతే ఇంజన్‌కు అదుపు ఉండదు. బొటనవేలు కంటే కాస్త పెద్ద వస్తువు. దాన్ని విప్పడానికి నేను ఆ బండితో యుద్ధమే చేశాను.

ఇన్నేళ్ళ ముంబై వానకూ ఉప్పుగాలికీ అది తుప్పుపట్టి గొట్టంతో ఒకటైపోయింది. ఇరవై రెండో నంబరు పానా వేశాను. జారింది, సెన్సర్ మూలలు అరిగాయి. నా వేళ్ళ కణుపులు పోయి గొట్టానికి గుద్దుకుని తోలు లేచింది. ఆ రక్తం చూడగానే నాకు తిక్క రేగింది. సుత్తె తీశాను. "రావా? నీయవ్వ, రావా?" అంటూ పానా తోక మీద బాదాను. బండి కింద వెల్లకిలా పడుకుని, కళ్ళల్లోకి తుప్పు రాలుతుంటే కళ్ళు మూసుకుని బాదాను. రాలేదు. షెడ్డులో మా నాయన సెంట్రింగ్ నాటి ఇనుప గొట్టం ఒకటి ఉంది, మనిషంత పొడుగు. దాన్ని పానాకు తొడిగి, చక్రానికి కాలు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి గుంజాను. టప్పుమంది. సెన్సర్ తల తెగి నా గుండెల మీద పడింది, మొండెం గొట్టంలోనే ఉండిపోయింది. ఆ ఊపుకు ఇనుప గొట్టం వచ్చి నా దవడను కొట్టింది. రెండు రోజులు ఒకవైపే నమిలాను.

ఆ మొండేన్ని తీయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చాను, ఉలి పెట్టి కొట్టాను, మళ్ళీ కాల్చాను, మళ్ళీ కొట్టాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది. లోపలి మరలు సగం చెరిగిపోయాయి. బండిని పది నిమిషాలు నడిపి, గొట్టం వేడెక్కాక సరైన సాకెట్ వేసి తిప్పి ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం గెలిచానన్న తృప్తితో ఆ ముక్కల్ని చెప్పుకాలితో తన్ని మురిక్కాలువలోకి నెట్టాను.

కొత్తది కొనడంలో ఇంకో తెలివితక్కువ పని చేశాను. పాత సామాను అమ్మే ఒకడి దగ్గర, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న సెన్సర్ ఒకటి పట్టుకొచ్చాను. మర ఎక్కింది. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే వైరు జానెడు పొట్టి, ప్లగ్గు గడుల తీరే వేరు. ఒళ్ళు మండి దాన్ని నేలకేసి కొట్టాను. అది ఎగిరి ఫోరస్ రోడ్ మీద పోతున్న బస్సు చక్రం కింద పడి నుజ్జయింది. అప్పుడు గానీ నాకు నా దోస్తు దగ్గరికి వెళ్ళాలని తట్టలేదు.

వాడు గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు స్పేర్ పార్టుల దుకాణం నడుపుతాడు. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. నన్ను ఎవరైనా కొడితే వాడు నవ్వించేవాడు, వాణ్ణి ఎవరైనా కొడితే నేను వెళ్ళి ఆ కొట్టినవాణ్ణి కొట్టి వచ్చేవాణ్ణి. మా స్నేహం అలా సాగింది. నేను చెప్పిందంతా విని వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరే పాగల్, మర ఎక్కంగనే అయిపోయిందా? లగ్గానికి పోరన్ని జూసినట్టు జూడాలెరా," అన్నాడు.

అలాగే చూశాడు కూడా. బండి ఏ ఏడాదిదో, ఏ ఇంజనో అడిగాడు. నేను వెంట తీసుకెళ్ళిన తెగిపోయిన సెన్సర్ తల మీద ఇంకా కనబడుతున్న నంబరును అద్దం పెట్టి చదివాడు. ముందుదా వెనకదా అని రెండుసార్లు అడిగాడు, ఆ రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఇంకొకటి పనిచేయదట. ప్లగ్గు గడులు లెక్కపెట్టాడు, వైరు జానతో కొలిచాడు. వైర్లు కోసి అతికించే రకం ఉంది గానీ నీకివ్వను, నువ్వు కోసి తగలేస్తావన్నాడు. తర్వాత లోపలికి పోయి, పక్కన నిలువునా చీలిక ఉన్న పొడుగు సాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వైరు ఆ చీలికలోంచి బయటికి వస్తుంది, సాకెట్ ఆరు మూలల్నీ నిండుగా పట్టుకుంటుంది. చెరిగిన మరల్ని దిద్దుకోవడానికి పద్దెనిమిదో సైజు ట్యాప్ కూడా ఇచ్చాడు. సెన్సర్ మాత్రం రెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు, మాట ప్రకారం దసరా ముందు రోజు సాయంత్రం తెప్పించాడు.

డబ్బా నాకిస్తూ, "సుత్తె ఇంట్ల పెట్టి పని జెయ్యి," అన్నాడు. "ఇంకోటి ఇను. ముక్కు మీది మూత బిగించే టైముకే తియ్యి. దానికి చెయ్యి తాకొద్దు, నూనె తాకొద్దు, గ్రీజు తాకొద్దు. తాకిందా, ఖతం. గీ పేస్టు మాత్రం మరల మీద జరంత రాయి."

తలూపాను. వాడు నాకు చెప్పాడు, నేను విన్నాను. ఇంకెవరికైనా చెప్పాలని నాకు తట్టలేదు. ఇంట్లో పని గురించి మాట్లాడే అలవాటు నాకు లేదు. అరవకుండా అన్నం తిని లేస్తే చాలు, అదే నా మంచితనం.

దసరా నాడు మావాళ్ళు పనిముట్టు ముట్టరు. మా తాతలు ఈ ఊరి రోడ్లూ మేడలూ కట్టిన నాటినుంచి ఉన్న పద్ధతి ఇది. గడ్డపార, తాపీ, సుత్తె, అన్నీ కడిగి, నూనెతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని ఆ రోజుకు పక్కన పెడతారు. మా ఇళ్ళల్లో తాపీలు పోయి పానాలు వచ్చాయి, పూజ అలాగే ఉంది. పొద్దున్నే షెడ్డులోని సామానంతా గోనెసంచిలో వేసి పైకి మోసుకెళ్ళి నా భార్య ముందు దించాను. సెన్సర్ డబ్బా కూడా అందులోనే ఉంది. గ్యాలరీ చివర కుళాయి దగ్గర వరస ఉందని నేను స్నానానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పీట మీద కొత్త గుడ్డ పరిచి, పానాలు, సాకెట్లు, ఆఖరికి స్కానర్ కూడా వరసగా పేర్చి బొట్లు పెట్టింది. సెన్సర్ డబ్బా మీద కూడా ఒక బొట్టు ఉంది. కొబ్బరికాయ కొట్టాను.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని దోస్తు ఇంటికి వెళ్ళాను. బంగారం అంటూ వాడి చేతిలో పెట్టి, గుండెలకు హత్తుకున్నాను. వాడు నా వీపు మీద గట్టిగా రెండు చరిచాడు.

మర్నాడు పొద్దున బండి కింద దూరాను. ట్యాప్ తిప్పి మరలు దిద్దాను. మరల మీద పేస్టు రాసి, ఆ చీకట్లోనే ముక్కు మీది మూత లాగి పళ్ళెంలో పడేసి, వెంటనే సెన్సర్‌ను ఎక్కించాను. వేళ్ళతోనే తిరిగింది. సాకెట్ నిండుగా కూర్చుంది, వైరు చీలికలోంచి చక్కగా బయటికి వచ్చింది. ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క బూతు తిట్టలేదు. పని ఇంత సుఖంగా కూడా అవుతుందా అని నాకే విచిత్రంగా తోచింది. ఇంజన్ బత్తి ఆరింది. ముసలాయన నన్ను దీవించి బండి తీసుకుపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. హారన్ కొడుతూనే గల్లీలోకి వచ్చి, తలుపు తెరిచి, దిగకుండానే అందుకున్నాడు.

"పొగ పరీక్షల ఫెయిల్! బత్తి మల్ల ఎలిగింది! ఎల్లుండి పాసింగ్ పెట్టుకొని నీ అసొంటి సుత్తె మిస్త్రీకి బండి ఇచ్చిన సూడు, నా చెప్పు దీస్కొని నన్నే కొట్టుకోవాలె!"

చాయ్ బండి దగ్గరివాళ్ళు నవ్వారు. చాల్ గ్యాలరీల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. మూడో అంతస్తులో నా భార్య కూడా వచ్చి గ్యాలరీ కమ్మీ పట్టుకుని కిందికి చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. స్కానర్ పెట్టి చూస్తే మళ్ళీ అదే సెన్సర్. అంతమందిలో నా పని మంచిదేనని చెప్పుకోవాలి కదా, గొంతు చించుకుని అరిచాను.

"నాకు పని రాదా? ముక్కుకు నూనె చుక్క తాకినా ఖరాబైతదని నాకు ఎరుకలేదా? మూత తీసుడు, బిగిచ్చుడు, ఇంతే! ఒక్క ఏలు గూడ తాకనియ్యలే! మాలే డూప్లికేట్ మాల్!"

అన్నాక ఆ మాట నాకే నిజమనిపించింది. మాల్ డూప్లికేట్ అంటే దోస్తు మోసం చేశాడు. చేతిలో సాకెట్ తిప్పే రాడ్డు ఉంది, మూరన్నర పొడుగు. అదే పట్టుకుని నడిచాను. గ్రాంట్ రోడ్ దాకా దారిలో ఎవరెవరు అడ్డొచ్చారో గుర్తులేదు. ఒక తోపుడుబండివాడు ఏదో అంటే వాడి బుట్టను తన్నినట్టు గుర్తు.

వాడు దుకాణంలో ఎవరికో హెడ్‌లైట్ బల్బు చూపిస్తున్నాడు.

"డూప్లికేట్ మాల్ అంటగట్టినవ్‌రా నాకు! దోస్తువని నమ్మితే గొంతు కోస్తవా?" అన్నాను.

నా మొహం చూసి వాడు బల్బు పక్కన పెట్టాడు. "ముందు కూసో. చాయ్ తాగు. ఇప్పుకొచ్చినవా? తే, జూద్దం."

"నువ్వేంది జూసేది?"

"ముక్కుకు ఏమన్న తాకిందా?"

"నాకే పని నేర్పుతవా?"

"నేర్పుతలేనురా. నా దుకాణంల డూప్లికేట్ లేదు, నీకు ఎరుకే. ఉత్తగనే ఖాలీపీలీ ఒర్రకు. నీ చెయ్యి జర మోటు, యాడనో ఏదో తాకిచ్చి ఉంటవ్. మీ నాయన లెక్కనే నీకు గూడ..."

అంతవరకే విన్నాను. మొదటి దెబ్బ కౌంటర్ అద్దానికి తగిలింది. అద్దం పగిలి లోపలి డబ్బాల మీద రాలింది. రెండో దెబ్బ వాడి తలకు, ఎడమ చెవి మీద తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. వాడు సామాను ర్యాకుల మధ్య కూలాడు. నేను కౌంటర్ ఎక్కి అవతలికి దూకి, కాలర్ పట్టి లేపి, మొహం మీద గుద్దాను. పెదవి చిట్లింది. మళ్ళీ గుద్దాను. మోకాలితో కడుపులో పొడిచాను. తెలుగులో, హిందీలో, మరాఠీలో నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ కొట్టాను. వెనకనుంచి ఎవరో నడుం పట్టి లాగితే మోచేత్తో వాడి పక్కటెముకల్లో పొడిచాను. చివరికి నలుగురు కలిసి నన్ను రోడ్డు మీదికి ఈడ్చారు.

వాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. వాడు నా మీద ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు.

"మొన్ననే గదరా నా చేతుల బంగారం పెట్టినవ్," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు.

నేను వాడి గడప మీద ఉమ్మి వచ్చేశాను. నిజం చెబుతున్నాను, ఆ నిమిషాన నాకు హాయిగా ఉంది. ఒళ్ళు తేలికయింది. మూడేళ్ళుగా లోపల కట్టిపెట్టుకున్నదంతా ఒక్కసారి వదిలినట్టుంది. ఆ చెవి ఆ తర్వాత ఎన్నడూ వినలేదు. ర్యాకు మీంచి సామాను పడిందని వాడు పోలీసులకు చెప్పాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

షెడ్డుకు వచ్చీరాగానే బండి కింద దూరి సెన్సర్ విప్పాను. తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టాలనే విప్పాను. ఎండలోకి తెచ్చి చూశాను. ముక్కు మీద సన్నటి బెజ్జాలు ఉంటాయి, వాటిలోంచే పొగ లోపలికి పోతుంది. అవన్నీ మూసుకుపోయాయి. నల్లగా మాడిన పెచ్చు కట్టింది. గోటితో గీకితే కింద ఎర్రటి బూడిద రాలింది. ఇంజన్ పొగ అలా ఎర్రగా ఉండదే అనుకున్నాను. పళ్ళెంలో నేను మూడు రోజుల కింద పడేసిన ప్లాస్టిక్ మూత ఇంకా అక్కడే ఉంది. తీసి లోపల చూశాను. జిడ్డుగా ఉంది. జిడ్డులో పసుపూ కుంకుమా అంటుకుని ఉన్నాయి. వాసన చూస్తే కొబ్బరినూనె.

నా భార్య పానాలకు చేసినట్టే దీనికీ మూత తీసి, నూనెతో తుడిచి, ముక్కుకు బొట్టు పెట్టి, మళ్ళీ జాగ్రత్తగా మూత వేసి డబ్బాలో పెట్టింది. వాడు అడిగాడు కదా, ముక్కుకు ఏమన్నా తాకిందా అని. ఇక్కడ నన్ను మంచివాడిగా చూపించుకోవాలంటే, వెంటనే వాడి దగ్గరికి పరుగెత్తానని రాయాలి. పరుగెత్తలేదు. నాకు ముందు గుర్తొచ్చింది నా భార్య. చెయ్యి మళ్ళీ వేడెక్కింది. సెన్సర్, మూత పట్టుకుని మెట్లెక్కాను. సంగతి నాకంటే ముందే చాల్‌కు చేరినట్టుంది, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూసి లేచి లోపలికి పోయారు.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. పిల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఆమె నా చొక్కా మీది రక్తాన్ని చూసింది, నా చేతిలోని సెన్సర్‌ను చూసింది.

"పక్కింటి పెద్దమ్మ కాడికి పో. నేను పిలిచేదాక రాకు," అంది పిల్లతో.

పిల్ల ఎందుకని అడగలేదు. పుస్తకం తీసుకుని, నాకు తగలకుండా గోడ పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆమె స్టవ్ ఆర్పింది. మరుగుతున్న పప్పు గిన్నెను దూరంగా మూలకు జరిపింది. తర్వాత చేతుల గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టింది. ఎందుకు తీస్తోందో నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వెనకటి రోజుల్లో కొట్టినప్పుడు గాజులు పగిలి మణికట్టులో దిగబడేవి. ఒకసారి ముక్క ఆస్పత్రిలో తీయించాల్సి వచ్చింది. అన్నీ తీసి, గోడకు వీపు ఆనించి, నా వైపు తిరిగి నిలబడింది. దేనికీ తొందరపడలేదు. వంట చేసుకున్నట్టే చేసుకుపోయింది.

"దీనికి నువ్వేనా బొట్టు పెట్టింది?" అన్నాను.

"నేనే. కొత్త సామాను గద, మంచిగ జరగాలె అని అన్నిటికి పెట్టినట్టే పెట్టిన."

"నూనె తాకితే ఖరాబైతదని నీకు ఎరుకలేదా?"

"ఎరుకలేకుండె. ఇయ్యాల నువ్వు కింద ఒర్రుతుంటే ఇన్న. అప్పుడు ఎరుకైంది."

"ఎరుకైతే ఎందుకు పిలవలే? నేను రాడ్డు పట్టుకొని పోతుంటే పైనుంచి ఒక్క కేకేస్తే ఆగుతుంటి గద! దోస్తుగాన్ని చంపినంత పనిచేసి వచ్చిన!"

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కానీ కళ్ళు దించలేదు. "చెప్తే నన్ను కొడ్తవని భయమైంది. ఆ దుకాణం అన్న మగోడు గద, నీ దెబ్బ ఆపుకుంటడనుకున్న. నా పాపమే. ఆయినకు ఎట్లున్నది?"

ఆయనకు ఎట్లున్నదని అడిగింది! కొట్టినవాణ్ణి నేను, నాకే ఆ మాట ఇంకా నోటికి రాలేదు.

"మూడేండ్లాయె గద నీ మీద చెయ్యెత్తక," అన్నాను. అరవబోయాను గానీ బతిమాలినట్టు వచ్చింది. "ఒక్కసారన్న ఎత్తిన్నా? చెప్పు!"

"ఎత్తలే," అంది. "నేనే రోజూ జూస్తున్న, ఇయ్యాల ఎత్తుతవేమో అని. నువ్వు మెట్లెక్కే చప్పుడు ఇంటే తెలుస్తది నాకు, పిల్లను పక్కింటికి పంపాల్నా వద్దా అని."

మూడేళ్ళుగా నేను ఇంటికి వచ్చి పిల్ల ఏదని అడిగితే, పక్కింట్లో చదువుకుంటోందనేది. మా పిల్లకు చదువు మీద ఎంత ధ్యాసో అని నేను షెడ్డులో అందరికీ చెప్పుకునేవాణ్ణి. గడప మీద కూర్చున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే ఆమె ఇంకా గోడకు ఆనుకునే ఉంది.

"రేపు బస్సుకు పోత," అంది. "మాటంటే మాటే. ఎవల మీద ఎత్తినా ఎత్తినట్టే."

"నువ్వు పోవద్దు, పిల్ల బడి ఉన్నది," అన్నాను. "నేనే పోత."

దిగి దోస్తు దగ్గరికి వెళ్ళాను. ఆస్పత్రిలో తలకు కట్టు కట్టి పడుకోబెట్టారు. మూత చూపించి, తప్పు నాదేనని, మాల్ మంచిదేనని, నా ఇంట్లోనే నూనె తాకిందని చెప్పాను. వాడు రెండో చెవిని నా వైపు తిప్పుకుని మొత్తం విన్నాడు. విన్నాక, "దుకాణానికి రాకు," అన్నాడు. అంతే. ముసలాయనకు వేరేచోట సెన్సర్ కొని, మూత వేలితో కూడా నొక్కకుండా తెచ్చి బిగించాను. పాసింగ్ అయింది. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడడు.

అప్పటినుంచి షెడ్డులోనే పడుకుంటున్నాను. పొద్దున ఒకపూట పైకి వెళ్ళి అన్నం తిని, పిల్లను చూసి దిగివస్తాను. నేను ఉన్నంతసేపూ ఎవరూ పెద్దగా మాట్లాడుకోం. మొన్న తింటుండగా నా మోచెయ్యి తగిలి నీళ్ళ చెంబు దొర్లిపడింది. నా భార్య రెండు చేతులూ మొహానికి అడ్డం లేచాయి. వెంటనే దించుకుని గుడ్డ కోసం వెతుక్కుంది. "ఏం గాలేదు, చెంబే," అన్నాను. అప్పటికే మా పిల్ల లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే పక్కింటికి నడిచింది.